అధిక బరువు పిల్లల నడుము కొలత: ఒకరికి 68, ఇంకొకరికి 72 వస్తే ఏది నమ్మాలి?

బడి_ఆరోగ్యం అడిగిన ప్రశ్న

బడి పిల్లల ఆరోగ్య పరీక్షల్లో ఎత్తు, బరువుతో పాటు ఈసారి నడుము చుట్టుకొలత కూడా రాస్తున్నాం. ఎత్తూ బరువూ ఎవరు చూసినా ఒకేలా వస్తున్నాయి. నడుము దగ్గరే పేచీ.

ఒక ఉదాహరణ చెబుతాను. పదేళ్ల బాబు, ఎత్తు 138 సెం.మీ., బరువు 39 కిలోలు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 20.5 వచ్చింది. అంటే అధిక బరువే గానీ ఊబకాయం కాదు. అదే రోజు, అదే గదిలో ఒకరు కొలిస్తే నడుము 68 సెం.మీ., ఇంకొకరు కొలిస్తే 72. నడుము ఎత్తులో సగం దాటకూడదంటారు, ఆ బాబు ఎత్తులో సగం 69. ఒకరి లెక్కలో గీతకి ఇవతల ఉన్నాడు, ఇంకొకరి లెక్కలో దాటేశాడు.

టేపు అసలు ఎక్కడ పెట్టాలి? కొందరు బొడ్డు మీద అంటున్నారు, కొందరు నడుము సన్నగా ఉన్న చోట అంటున్నారు, కొందరు తుంటి ఎముక పైన అంటున్నారు. కొలత వచ్చాక దాన్ని 90వ పర్సంటైల్‌తో (అదే వయసు పిల్లల్లో నూటికి తొంభై మంది కొలత దాని కింద ఉండే అంకె) పోల్చాలా, ఎత్తులో సగంతో పోల్చాలా? బీఎంఐ ఎలాగూ ఉంది కదా, నడుము కొలత వల్ల గుండె గురించి అదనంగా తెలిసేదేమిటి? ఈ మూడింటికీ తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

టేపు_పట్టినవాడు

మొదటి ప్రశ్నకి జవాబు ఇస్తాను. మిగతా రెండూ దీని మీదే నిలబడతాయి.

మీకు వచ్చిన 4 సెం.మీ. తేడాలో వింతేమీ లేదు. ఇద్దరూ రెండు వేర్వేరు చోట్ల కొలిచి ఉంటారు. నడుము సన్నగా ఉన్న చోట కొలిస్తే తక్కువ వస్తుంది, తుంటి ఎముక పైనో బొడ్డు మీదో కొలిస్తే ఎక్కువ వస్తుంది. పైగా అధిక బరువున్న పిల్లల్లో 'సన్నగా ఉన్న చోటు' అనేది చాలాసార్లు కనిపించదు. ఒకే పిల్లవాడిలో ఒకరికి పక్కటెముకల కింద సన్నగా అనిపిస్తుంది, ఇంకొకరికి ఇంకాస్త కింద. బొడ్డు అంతకన్నా నమ్మకం లేని గుర్తు. పొట్ట ముందుకి జారేకొద్దీ బొడ్డు కూడా దానితో కిందికి దిగుతుంది. ఎవరిలో మార్పు చూడాలని కొలుస్తున్నామో వాళ్లలోనే గుర్తు జరిగిపోతే ఆ కొలతకి అర్థం లేదు.

కాబట్టి ఎముకల్నే పట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు ఇది: చేతికి తగిలే చివరి పక్కటెముక కింది అంచుకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా నడిమి. అమెరికాలో జరిగే నేషనల్ హెల్త్ అండ్ న్యూట్రిషన్ సర్వేలో మాత్రం తుంటి ఎముక పై అంచుకి ఆనించి కొలుస్తారు. రెండూ సరైన పద్ధతులే. రెండింటినీ కలపడమే తప్పు. ఒకటి ఎంచుకుని, ఫారం మీద ఏ చోటో రాసి, ఇక మార్చకండి. పిల్లల విషయంలో నేను నడిమి చోటే సూచిస్తాను. జారిన పొట్ట మడతకి అది కాస్త పైన పడుతుంది, టేపు మడతలో కూరుకుపోదు.

చేసే తీరు ఇది. పిల్లవాడిని చెప్పులు విప్పించి, రెండు పాదాల మీద బరువు సమానంగా పడేలా నిలబెట్టండి. చేతులు పక్కన వదులుగా వేలాడాలి, తల మీద పెట్టుకోకూడదు. చేతులెత్తితే పక్కటెముకలు పైకి లేచి, పొట్ట లోపలికి పోయి కొలత తగ్గుతుంది. మీరు పక్కన కూర్చోండి. పైనుంచి వంగి చూస్తే అంకె సరిగ్గా చదవలేరు. చంక నడిమి నుంచి నిట్టనిలువుగా కిందికి ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీద వేళ్లతో నొక్కుతూ దిగితే చివరి పక్కటెముక అంచు తగులుతుంది. అక్కడ కడిగితే పోయే పెన్నుతో చుక్క పెట్టండి. తర్వాత అరచేతి అంచుని నడుము పక్కన ఆనించి కిందికి నొక్కితే తుంటి ఎముక గట్టిగా తగులుతుంది. దాని పై అంచున రెండో చుక్క. కొవ్వు పొర మందంగా ఉన్న పిల్లల్లో ఈ రెండో ఎముక తొందరగా దొరకదు. అలాంటప్పుడు ఒంటికాలి మీదకి బరువు మార్చి మళ్లీ మామూలుగా నిలబడమనండి, ఎముక కదలిక చేతికి తెలుస్తుంది. రెండు చుక్కల మధ్య దూరం కొలిచి సగంలో మూడో చుక్క. టేపు వెళ్లాల్సింది దాని మీదుగా.

టేపు చుట్టాక వెనక్కి వెళ్లి చూడటం చాలామంది మర్చిపోతారు. ముందు నుంచి చూస్తే అడ్డంగా ఉన్నట్టే ఉంటుంది, వీపు వైపు రెండు వేళ్లు కిందికి జారి ఉంటుంది. ఏటవాలు టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. సాయంగా ఇంకొకరు ఉంటే వెనక నుంచి సరిచూడమనండి, లేదా అద్దం పెట్టుకోండి.

బిగింపు: టేపు చర్మాన్ని అంతటా తాకాలి, ఎక్కడా నొక్కకూడదు. టేపు తీశాక చర్మం మీద గాడి పడిందంటే బిగించారని అర్థం. స్ప్రింగుతో ఒకే బిగింపు ఇచ్చే టేపులు దొరుకుతాయి, ఇద్దరు ముగ్గురు కొలిచే చోట అవి బాగా పనికొస్తాయి.

ఊపిరి: 'పొట్ట వదులు చెయ్యి' అనకండి. అలా అంటే పిల్లలు ముందుకి ఉబ్బిస్తారు. ఏమీ అనకపోతే లోపలికి పీల్చుకుంటారు. ఏదైనా చిన్న ప్రశ్న అడగండి. జవాబు చెప్పి ముగించేసరికి ఊపిరి మామూలుగా బయటికి వదిలి ఉంటారు, అప్పుడు చదవండి. మిల్లీమీటరు దాకా రాయండి, 70కీ 71కీ సవరించకండి.

టేపు పూర్తిగా తీసేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టి రెండోసారి కొలవండి. రెండింటికీ తేడా 1 సెం.మీ. లోపు ఉంటే సగటు. దాటితే రెండూ కొట్టేసి మళ్లీ రెండు. నెమ్మదిగా చేసినా పిల్లవాడికి మూడు నాలుగు నిమిషాలు.

ఇంకో రెండు ముక్కలు. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది, నెలకోసారి ఉక్కు స్కేలు పక్కన పెట్టి 100 సెం.మీ. సరిచూడండి. కొన్ని టేపులకి సున్నా సరిగ్గా అంచు మీద ఉండదు, కాస్త ఖాళీ వదిలి మొదలవుతుంది, అది కూడా చూసుకోండి. చొక్కా మీద నుంచి కొలవకండి. లంగా, ప్యాంటు నాడా బిగింపు ఉంటే ముందే వదులు చేయించి ఒక నిమిషం ఆగండి. భోజనం చేసిన వెంటనే వద్దు, మూత్రానికి వెళ్లొచ్చాక కొలవండి.

ఇద్దరు కొలిచేవాళ్లుంటే మొదటి రోజే ఒక పని చేయండి. పది మంది పిల్లల్ని ఇద్దరూ విడివిడిగా, ఒకరి అంకె ఒకరు చూడకుండా కొలిచి, తర్వాత పక్కపక్కన పెట్టండి. ఒకరిది అందరిలోనూ ఎక్కువగా వస్తుంటే చోటు తప్పు. ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ వస్తుంటే బిగింపో, ఊపిరో తప్పు.

---

లోపలి_కొవ్వు

పైన చెప్పినదంతా నిజం. నేను రెండో, మూడో ప్రశ్నలు తీసుకుంటాను, మూడోదాంతో మొదలుపెడతాను.

బీఎంఐ బరువెంతో చెబుతుంది. ఆ బరువు దేనిదో, ఎక్కడ ఉందో చెప్పదు. ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి తొడలు, పిరుదుల చర్మం కింద కొవ్వు ఉండొచ్చు, ఇంకొకరికి పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండొచ్చు. గుండెకి సంబంధించి ఈ రెండూ ఒకటి కాదు. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి వెళుతుంది. ఆ కొవ్వు కణాలు వదిలే ఫ్యాటీ యాసిడ్లు కాలేయం మీద పడతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి కొంత తనలోనే దాచుకుంటుంది, కొంత రక్తంలోకి పంపుతుంది. అలా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, వాటితో పాటే మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, చిక్కగా తయారవుతాయి. ఇన్సులిన్ మాట కాలేయం వినడం మానేస్తుంది, దాన్ని లొంగదీసుకోవడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే మూత్రపిండాలు ఉప్పుని పట్టుకుంటాయి, బీపీ పైకి కదులుతుంది. ఇవన్నీ పిల్లల్లోనూ జరుగుతాయి. చక్కెర అంకె మారకముందే, ఏ బాధా కనిపించకముందే మొదలవుతాయి.

అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే ఊళ్లో 1973లో డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్ మొదలుపెట్టిన పరిశోధన ఈ విషయంలో మూలస్తంభం లాంటిది. 1998లో వాళ్లు ప్రచురించిన వ్యాసంలో, ప్రమాదాల వంటి కారణాలతో చనిపోయిన 2 నుంచి 39 ఏళ్ల లోపు 204 మంది రక్తనాళాల్ని పరీక్షించారు. బీఎంఐ, బీపీ, రక్తంలో కొవ్వులు ఇలా ముప్పు కారణాలు ఎన్ని కలిసి ఉంటే ధమనుల గోడల మీద కొవ్వు చారలు అంత ఎక్కువ మేర పరుచుకున్నాయి. గుండెపోటు వచ్చేది నడివయసులో అయినా దాని తొలి గీతలు బడి వయసులోనే పడతాయన్నది అప్పటి నుంచీ ఊహ కాదు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. పిల్లలందర్నీ కలిపి చూస్తే ముప్పు ఉన్నవాళ్లని పట్టడంలో బీఎంఐకీ నడుము–ఎత్తు నిష్పత్తికీ పెద్ద తేడా లేదు. 2007లో బొగలూసా లెక్కలే ఆ మాట చెప్పాయి. ఎందుకంటే రెండూ కలిసే పెరుగుతాయి. నడుము కొలత విలువ తెలిసేది మీరు అడిగిన బాబు లాంటి పిల్లల్లోనే. అధిక బరువు తరగతిలోకి వచ్చినవాళ్లలో ఎవరికి ఇప్పుడే రక్తపరీక్షలు కావాలి, ఎవరిని ఎత్తు పెరిగేదాకా గమనిస్తూ ఉంటే చాలు అన్న ప్రశ్నకి బీఎంఐ ఒక్కటే జవాబు ఇవ్వలేదు. నడుము ఎత్తులో సగం లోపు ఉన్న అధిక బరువు పిల్లల్లో ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ సగటున మామూలు బరువు పిల్లలకి దగ్గరగా ఉంటాయి. సగం దాటినవాళ్లలో తేడా కనిపిస్తుంది.

ఇక పర్సంటైలా, సగమా? అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2007లో పిల్లల మెటబాలిక్ సిండ్రోమ్‌కి (పొట్ట కొవ్వుతో పాటు బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వులు కలిసి చెడే స్థితి) ఇచ్చిన నిర్వచనంలో 90వ పర్సంటైల్ వాడింది. 6 నుంచి 10 ఏళ్ల లోపు పిల్లల్లో నడుము 90వ పర్సంటైల్ చేరితే పొట్ట ఊబకాయం అంటారు, సిండ్రోమ్ అని పేరు మాత్రం పెట్టరు. 10 నుంచి 16 లోపు అయితే నడుముతో పాటు ఈ నాలుగింటిలో రెండు ఉండాలి: ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మి.గ్రా. లేదా ఎక్కువ, హెచ్‌డీఎల్ 40 కన్నా తక్కువ, బీపీలో పై అంకె 130 లేదా కింది అంకె 85 చేరడం, పరగడుపు చక్కెర 100 లేదా ఎక్కువ. 16 దాటితే పెద్దల లెక్కే.

పర్సంటైల్‌తో చిక్కేమిటంటే పట్టిక మీ పిల్లలకి సరిపోవాలి. ఏ జనాభాలో, ఏ సంవత్సరాల్లో, ఏ చోట టేపు పెట్టి తయారుచేశారో చూడాలి. తుంటి ఎముక పైన కొలిచి చేసిన పట్టికలో మీరు నడిమి చోట కొలిచిన అంకె వేస్తే పిల్లలు ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తారు. పిల్లలందరూ లావెక్కిన కాలంలో చేసిన పట్టికలో 90వ పర్సంటైల్ కూడా పైకి జరిగిపోయి ఉంటుంది.

ఎత్తులో సగం అన్న కొలబద్దకి ఆ బాధ లేదు. వయసు, ఆడ, మగ తేడా లేకుండా ఒకే గీత. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకంలో 5 ఏళ్లు, ఆపైన పిల్లలకి నిష్పత్తి 0.4 నుంచి 0.49 అయితే ఫర్వాలేదనీ, 0.5 నుంచి 0.59 అయితే ముప్పు పెరిగిందనీ, 0.6 చేరితే ముప్పు ఎక్కువనీ చెప్పారు. ఎత్తుని లెక్కలోకి తీసుకోవడం పిల్లల్లో ఎంత అవసరమో చూడండి. 11 ఏళ్ల ఇద్దరికీ నడుము 72 అనుకోండి. ఒకరి ఎత్తు 132, ఇంకొకరిది 152. మొదటి పిల్లకి 0.55, రెండో పిల్లకి 0.47. నడుము అంకె ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే.

బడిలో చేసే వడపోతకి సగం గీత చాలు. ఆసుపత్రిలో నిర్ధారణకి పర్సంటైల్ వాళ్లు చూసుకుంటారు.

---

ఎదుగుదల_పటం

పైన ఇద్దరి మాటకీ రెండు చేర్పులు, రెండూ తప్పు జరిగే చోట్లే.

ఐదేళ్ల లోపు పిల్లలకి 0.5 గీత పెట్టకండి. రెండేళ్ల పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా నిష్పత్తి సగం దాటి ఉండటం మామూలే. పొట్ట కండరాలు ఇంకా బిగవవు, కాళ్లు పొట్టిగా ఉంటాయి. వయసు పెరిగి కాళ్లు సాగేకొద్దీ నిష్పత్తి దానంతట అదే దిగుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మామూలుగా తిండి, కదలికల లెక్క తప్పి లావైన పిల్లలు తమ వయసువాళ్లకన్నా కాస్త ఎత్తుగానే ఉంటారు. లావుగా ఉండి, పొట్టిగా ఉండి, ఏడాదిగా ఎత్తు సరిగ్గా పెరగని పిల్ల కనిపిస్తే ఆగి చూడండి. థైరాయిడ్ తక్కువ కావడం, కార్టిజాల్ అనే హార్మోను ఎక్కువ కావడం, ఎక్కువ కాలం స్టెరాయిడ్ మందులు వాడటం లాంటివి వెనక ఉండొచ్చు. ఆ పిల్లకి నిష్పత్తి ఎలాగూ ఎక్కువ వస్తుంది. దాన్ని చూసి తిండి తగ్గించమని చెప్పి పంపేస్తే అసలు జబ్బు నెలల తరబడి దాగిపోతుంది. వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి. అందుకే పాత ఎత్తుల రికార్డు పక్కన పెట్టుకోకుండా నడుము అంకె ఒక్కటే చదవకూడదు.

వెన్ను వంకర ఉన్నవాళ్లకీ, ఎముకల ఎదుగుదల లోపంతో పొట్టిగా ఉన్నవాళ్లకీ ఈ నిష్పత్తి వర్తించదు.

---

బడి_ఆరోగ్యం

అందరికీ ధన్యవాదాలండి. చుక్కలు పెట్టి నడిమి చోట మళ్లీ కొలిస్తే 70.4, 70.8 వచ్చాయి. సగటు 70.6, నిష్పత్తి 0.51. ముందు 68 రాసినవారు సన్నటి చోట బిగించి కొలిచారు, 72 రాసినవారు బొడ్డు మీద బనియను పైనుంచి కొలిచారు. రెండూ తప్పే.

ఇప్పుడు ఈ బాబు గీత దాటింది కొద్దిగానే. తరువాత ఏం చేయాలి? ఏ పరీక్షలు రాయించుకోమని చెప్పాలి? ఇంటికి పంపే కాగితంలో ఏం రాయాలి? మళ్లీ ఎన్నాళ్లకి కొలవాలి?

---

లోపలి_కొవ్వు

0.51 అంటే జబ్బు కాదు. 0.49 అంటే హామీ కూడా కాదు. మీ కొలతలో 1 సెం.మీ. తేడా ఉంటేనే నిష్పత్తి 0.007 మారుతుంది. కాబట్టి 0.49, 0.50, 0.51 వచ్చిన పిల్లల్ని ఒకే గుంపుగా చూడండి. ఆ గుంపులో ఎవరిని ముందు పంపాలన్నది టేపు ఒక్కటే తేల్చదు, ఒళ్లు కూడా చెబుతుంది.

మెడ వెనక చూడండి. చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటే అది మట్టి కాదు, ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న పిల్లల్లో వచ్చే గుర్తు అది, అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. చంకల్లో కూడా ఉంటుంది. 'స్నానం సరిగ్గా చేయడు' అని ఆ పిల్లల్ని తిట్టడం చాలాచోట్ల జరుగుతుంది. అది అన్యాయం. రాత్రి గట్టిగా గురక పెడతాడా, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా, పగలు తరగతిలో నిద్రపోతాడా అని అడగండి. ఇంట్లో తల్లిదండ్రులకీ, తాతలకీ, మామ్మలకీ మధుమేహం గానీ, చిన్న వయసులో గుండెపోటు గానీ ఉందా అని అడగండి. తల్లికి గర్భంతో ఉన్నప్పుడు చక్కెర వచ్చిందా అన్నది కూడా. వీటిలో ఏది ఉన్నా 0.50 పిల్లవాడు వరసలో ముందుకి రావాలి.

అన్నిటికన్నా ముందు బీపీ. దీనికి రక్తం తీయనక్కర్లేదు, బడిలోనే చేయొచ్చు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు కఫ్. చిన్న పిల్లవాడు కదా అని చిన్న కఫ్ చుడతారు. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. భుజానికీ మోచేతికీ నడిమిన చేతి చుట్టుకొలత తీసుకోండి. కఫ్ లోపలి గాలి సంచి వెడల్పు అందులో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. చుట్టుకొలత 25 సెం.మీ. అయితే వెడల్పు 10, పొడవు 20 నుంచి 25. కుడి చేతికే చుట్టండి, పట్టికలన్నీ కుడి చేతివే. వీపుకి ఆనిక, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో, మూడు నుంచి ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాక. 13 ఏళ్లలోపు వాళ్లకి వయసు, ఎత్తు, ఆడ, మగ బట్టి పట్టిక చూడాలి. 90వ పర్సంటైల్ చేరితే ఎక్కువ, 95 చేరితే రక్తపోటు కిందికి వస్తుంది. 13 నిండితే పై అంకె 120 నుంచి జాగ్రత్త, పై అంకె 130 లేదా కింది అంకె 80 చేరితే రక్తపోటు. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని పేరు పెట్టేయకూడదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు రావాలి.

రక్తపరీక్షల మాట. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023 మార్గదర్శకం ప్రకారం 10 ఏళ్లు నిండిన ఊబకాయపు పిల్లలకి కొవ్వులు, చక్కెర, కాలేయం మూడూ చూడాలి. అధిక బరువు మాత్రమే ఉన్నవాళ్లకి కొవ్వుల పరీక్ష చేయాలి, మిగతా రెండూ వేరే ముప్పు గుర్తులు ఉంటేనే. మీ బాబుకి పదేళ్లు నిండాయి గనుక కొవ్వుల పరీక్ష ఎలాగూ చేయించాలి. మెడ మీద నలుపో, కుటుంబ చరిత్రో ఉంటే మిగతావీ అడగమనండి.

ల్యాబు కాగితం చదివేటప్పుడు జాగ్రత్త. దాని మీద అచ్చేసే పరిమితులు చాలాసార్లు పెద్దలవి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ట్రైగ్లిజరైడ్లు 90 లోపు ఉండాలి, 130 నుంచి ఎక్కువ (ఇక్కడి అంకెలన్నీ డెసిలీటరుకు మి.గ్రా.ల్లో). పెద్దల 150 గీతతో (పైన సిండ్రోమ్‌కి చెప్పిన గీత కూడా అదే) చూస్తే 140 వచ్చిన పిల్లవాడు 'నార్మల్' అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతాడు. పదేళ్ల లోపు అయితే 75 లోపు ఉండాలి, 100 నుంచే ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు మంచిది, 130 నుంచి ఎక్కువ. హెచ్‌డీఎల్ 45 పైన ఉండాలి, 40 కన్నా తగ్గితే తక్కువ. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది 120 లోపు ఉంటే మంచిది, 145 నుంచి ఎక్కువ. ఈ చివరి లెక్కకి పరగడుపు అక్కర్లేదు, బడి పిల్లలకి అది పెద్ద సౌకర్యం. ట్రైగ్లిజరైడ్లు మాత్రం తిన్నాక పెరుగుతాయి. ఎక్కువ వస్తే పరగడుపున మళ్లీ చూడాలి.

కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ దగ్గరా ఇదే గొడవ. ల్యాబు పరిమితి 40 దగ్గర ఉంటుంది. పిల్లల్లో అసలు గీత అబ్బాయిలకి 26, అమ్మాయిలకి 22. దానికి రెట్టింపుగా మూడు నెలలకి మించి ఉంటే కాలేయంలో కొవ్వు గురించి లోతుగా చూడాలి. చక్కెర పరగడుపున 100 నుంచి 125, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం అయితే మధుమేహానికి ముందు దశ.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఈడేరే వయసులో ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం ఆరోగ్యవంతుల్లోనూ కొంత ఉంటుంది. అబ్బాయిల్లో హెచ్‌డీఎల్ కూడా ఆ వయసులో కొంత దిగుతుంది. అంచుల మీద వచ్చిన అంకెల్ని చూసి మందులకి పరుగెత్తకుండా డాక్టరు ఆగి మళ్లీ చూస్తారంటే కారణం అదే.

---

కదలిక_మేలు

చేయాల్సిన పని గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

ఎదిగే పిల్లలకి పెద్దల్లా బరువు దింపడం చాలాసార్లు అక్కర్లేదు. ఎత్తు మన పక్షాన ఉంది. ఈ బాబు ఏడాదిలో 138 నుంచి 144కి పెరిగి, నడుము 70.6 దగ్గరే ఆగిందనుకోండి, నిష్పత్తి 0.49కి దిగిపోతుంది. నడుము ఆపడమే లక్ష్యం. ఆకలితో మాడ్చి బరువు తగ్గిస్తే ఎత్తుకీ, ఎముకకీ నష్టం, తరువాత దొంగతిండి అలవాటు కూడా.

దాహానికి నీళ్లు, తీపి పానీయాలు ఇంట్లోకి రాకపోవడం, ఈ ఒక్కటే అన్నిటికన్నా సులువుగా లెక్కకి దొరికే మార్పు. పళ్లరసం కూడా ఆ లెక్కలోకే వస్తుంది, పండు రాదు. రోజుకి సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆట, అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టిగా ఆయాసం వచ్చేలా. గంటంతా ఒకేసారి కానక్కర్లేదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు.

పొట్ట తగ్గాలని పిల్లల చేత రోజూ వంద సిట్‌అప్‌లు తీయించేవాళ్లున్నారు. దానివల్ల పొట్ట కండరం గట్టిపడుతుంది, దాని మీది కొవ్వు కరగదు. పరుగు, ఈత, సైకిలు లాంటి పెద్ద కండరాల పనితోనే లోపలి కొవ్వు కదులుతుంది. పైగా అది బరువు అంకె కదలకపోయినా తగ్గగలదు. ఇక్కడే నడుము టేపు కుటుంబానికి ధైర్యం ఇస్తుంది. బరువు కాటా మీద మూడు నెలలుగా మార్పు లేదని నిరుత్సాహపడే ఇంట్లో నడుము 1.5 సెం.మీ. తగ్గి ఉండొచ్చు.

ఆలస్యమైందని ఎవరైనా దిగులుపడితే ఈ సంగతి చెప్పండి. 2011లో నాలుగు దీర్ఘకాలిక పరిశోధనల్ని కలిపి 6328 మందిని సగటున 23 ఏళ్లు గమనించిన ఫలితం వచ్చింది. చిన్నప్పుడు లావుగా ఉండి పెద్దయ్యేసరికి ఊబకాయం నుంచి బయటపడినవాళ్లకి మధుమేహం, రక్తపోటు, చెడు కొవ్వులు, మెడ ధమని గోడ మందం, వీటన్నిటి ముప్పు ఎన్నడూ ఊబకాయం లేనివాళ్లతో దాదాపు సమానంగా ఉంది.

---

టేపు_పట్టినవాడు

చివరి రెండు ప్రశ్నలు మిగిలాయి.

మళ్లీ కొలవడం: మూడు నెలల లోపు వద్దు, ఆరు నెలలు దాటనివ్వద్దు. చేతి తేడాయే ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. వారం వారం కొలిస్తే మీరు చూసేది పిల్లవాడి మార్పు కాదు, టేపు మార్పు. ప్రతిసారీ ఎత్తు కూడా కొత్తగా తీయండి, పాత ఎత్తుతో భాగించకండి. వీలైతే అదే మనిషి, అదే టేపు, పొద్దున్న పూట.

కొలిచేటప్పుడు తెర ఉండాలి, ఒక్కొక్కరినే పిలవాలి, ఆడపిల్లల్ని ఆడవాళ్లే కొలవాలి. అంకె పైకి చదివి ఇంకొకరి చేత రాయించకండి, మీరే రాసుకోండి. తోటి పిల్లల ముందు 'డెబ్బై' అన్న ఒక్క మాట చాలు, ఆ పిల్లవాడు ఆటస్థలానికి రావడం మానేయడానికి. అప్పుడు మనం కొలిచి చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇంటికి పంపే కాగితం కవరులో పెట్టి, పెద్దల చేతికే అందేలా చూడండి. 'ఊబకాయం', 'పొట్ట' లాంటి మాటలు రాయకండి. ఇలా రాస్తే సరిపోతుంది:

'మీ అబ్బాయి ఎత్తు 138 సెం.మీ., బరువు 39 కిలోలు, నడుము 70.6 సెం.మీ. ఈ ఎత్తుకి నడుము 69 సెం.మీ. లోపు ఉంటే గుండెకి మంచిది. ఇది జబ్బు నిర్ధారణ కాదు. నెల రోజుల్లో పిల్లల డాక్టరుని కలిసి బీపీ, రక్తంలో కొవ్వుల పరీక్ష గురించి అడగండి. ఇంట్లో ఎవరికైనా మధుమేహం, గుండెజబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. తిండి బాగా తగ్గించడం, పూటలు మాన్పించడం చేయకండి. ఈ కాగితం మీ అబ్బాయి ముందు చర్చించనక్కర్లేదు. మళ్లీ నాలుగు నెలల తర్వాత కొలుస్తాం.'

కింద కొలిచిన చోటు కూడా రాయండి: 'చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమి.' డాక్టరు దగ్గర మళ్లీ కొలిచినప్పుడు వాళ్లకి వేరే అంకె వస్తే, ఎందుకు వచ్చిందో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.